కీచురాయి నోటితో అరుస్తుందా?

కీచురాయి నోటితో అరవదు. ముందు రెక్కలను ఒకదానిపై ఒకటి రాసి ఆ ధ్వనిని పుట్టిస్తుంది, అది కూడా మగది మాత్రమే. ఒక రెక్క అడుగున రంపపు పళ్ళవంటి గట్టి ఈనె ఉంటుంది. రెండవ రెక్క అంచు ఆ పళ్ళను గీరుకుంటూ పోయినప్పుడు, దువ్వెన పళ్ళపై గోటిని లాగినట్లుగా, కానీ అంతకంటె ఎంతో వేగంగా, రెక్కల పలుచని పొరలు కంపించి కీచుమనే మోత వెలువడుతుంది. ఆడదానిని పిలవడానికే ప్రధానంగా ఈ ప్రయాస. దానిని వినే చెవులు ముంగాళ్ళపై, మోకాలికి కాస్త దిగువన ఉండడం మరీ విచిత్రం.

పురుగు శరీరానికి సొంత వేడి ఉండదు కనుక ఈ లయ వాతావరణాన్ని బట్టి మారుతుంది. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉక్కపోత రాత్రి చకచకా సాగే కీచు, చలి ముదిరేకొద్దీ నెమ్మదిస్తుంది.

కాళ్ళను రుద్దుకుంటుందని చాలామంది పొరబడతారు. వెనుక కాలిని రెక్కకు రాసి మోత చేసేవి కొన్ని జాతుల మిడతలు. పగటివేళ చెట్లపై చెవులు గింగురుమనిపించే పురుగును కూడా కీచురాయి అనే పిలుస్తారు గాని, అది వేరు. దాని ధ్వని పొట్టకు ఇరువైపులా ఉన్న డోలు వంటి పొరల నుండి వస్తుంది.