ఆటిజం పిల్లల కోసం వీఆర్: సీఎస్ఈ వదలాలా, హెడ్‌సెట్ కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతోంది. గేమ్‌లు, వీఆర్ దృశ్యాలు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది. ఆటిజం ఉన్న చిన్నపిల్లలకు నలుగురితో మెలగడం నేర్పే వర్చువల్ రియాలిటీ యాప్‌ను ఫైనలియర్ ప్రాజెక్టుగా చేస్తానని, తర్వాత అదే రంగంలో స్థిరపడతానని అంటోంది. ఇందులో ఉద్యోగాలుంటాయా? సీఎస్ఈ వదిలి సైకాలజీ వైపు వెళ్లాలా? ప్రాజెక్టు కోసం కళ్లకు కట్టుకునే వీఆర్ హెడ్‌సెట్ కొనమంటోంది, కొనాలా?

జవాబు: ముందు హెడ్‌సెట్ సంగతి. ఇప్పుడే కొనకండి. మీ అమ్మాయి ‘చిన్నపిల్లలు’ అంటున్నది మూడు నుంచి ఏడేళ్ల వాళ్ల గురించే అయితే, ఆ పరికరం వాళ్ల కోసం తయారైనది కాదు. మెటా సంస్థ తన క్వెస్ట్ హెడ్‌సెట్లకు మొదట 13 ఏళ్ల కనీస వయసు పెట్టింది. 2023లో తల్లిదండ్రుల అజమాయిషీలో ఉండే ఖాతాతో పదేళ్లకు తగ్గించింది. అమరికలోనూ చిక్కు ఉంది. క్వెస్ట్ 2, క్వెస్ట్ 3ఎస్‌లలో కటకాల మధ్య దూరానికి 58, 63, 68 మిల్లీమీటర్లని మూడే మెట్లు. ఐదారేళ్ల పిల్లల కనుపాపల మధ్య దూరం మామూలుగా అంతకంటే తక్కువే ఉంటుంది కాబట్టి బొమ్మ మసగ్గా కనబడుతుంది, కళ్లు లాగుతాయి. క్వెస్ట్ 3 బరువు అర కిలోకి పైనే. తలకు దువ్వెన తగిలినా, చొక్కా కాలరు దగ్గర చీటీ గీసుకున్నా తట్టుకోలేని పిల్లలు ఆటిజంలో చాలామంది. అలాంటి పిల్లాడి ముఖానికి ఆ బరువు కట్టి, ఆ పైన పాఠం చెప్పడం కుదిరే పని కాదు.

దీని వల్ల ప్రాజెక్టు ఆగిపోనక్కర్లేదు. ఈ రంగంలో జరిగిన పని చూస్తే హెడ్‌సెట్ లేకుండా వచ్చిన ఫలితాలే ఎక్కువ నేర్పుతాయి. 1996లో అమెరికాలోని నార్త్ కరోలినాలో డొరొథీ స్ట్రిక్‌లాండ్ బృందం ఇద్దరు ఆటిజం పిల్లలకు హెడ్‌సెట్ పెట్టి వీధి, కార్లు చూపించింది. అసలు పెట్టుకుంటారా అన్నదే అప్పటి ప్రశ్న, పెట్టుకున్నారు. 2014లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ బృందం హెడ్‌సెట్ లేకుండానే, గోడల మీద దృశ్యాలు ప్రొజెక్ట్ చేసిన గదిలో, 7 నుంచి 13 ఏళ్ల తొమ్మిది మంది అబ్బాయిల భయాల మీద పనిచేసింది. పక్కనే థెరపిస్ట్ కూర్చున్నారు. నాలుగు సెషన్లలో ఎనిమిది మంది ఎంతోకొంత మెరుగయ్యారు. 2016లో డల్లస్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ బృందం 7–16 ఏళ్ల ముప్ఫై మందికి ఐదు వారాల్లో పది సెషన్లు మామూలు కంప్యూటర్ తెర మీదే నడిపింది. అటువైపు పాత్రను నడిపినది ఒక మనిషి, సాఫ్ట్‌వేర్ కాదు. సంఖ్యలు చిన్నవే, వీటిని బట్టి గొప్పలు చెప్పుకోకూడదు. అయినా ఒక సంగతి తేటపడుతుంది. పిల్లాడు భయం లేకుండా ఒకే సందర్భాన్ని పదిసార్లు చేసి చూసుకోవడం, పక్కన తెలిసిన పెద్దవాళ్లు ఉండి నడిపించడం, ఈ రెండూ ఉన్నచోట పని జరిగింది.

కాబట్టి ప్రాజెక్టును పదేళ్లలోపు వాళ్లకైతే ట్యాబ్ మీద, లేదా ప్రొజెక్టర్‌తో గోడ మీద చేయమనండి. పదేళ్లు దాటినవాళ్లకైతే హెడ్‌సెట్ అనుకోవచ్చు, అదీ కాలేజీ ల్యాబ్‌లో ఉన్నది వాడుకుంటే చాలు. యూనిటీలో రెండూ ఒకే ప్రాజెక్టు నుంచి బిల్డ్ చేసుకోవచ్చు.

ఇక అసలు పని. ‘సోషల్ స్కిల్స్ నేర్పుతాం’ అని రాసిన ప్రాజెక్టు ప్రతిపాదన సాధారణంగా గట్టెక్కదు, ఎందుకంటే అది కొలవడానికి వీల్లేని మాట. ఒక్క నైపుణ్యం, ఒక్క చోటు తీసుకోవాలి. ఉదాహరణకు పదేళ్ల పిల్లాడు కిరాణా కొట్లో ఒక బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కురావడం. దాన్ని ముక్కలు చేస్తే ఇలా వస్తుంది: ముందున్న మనిషి వెనక ఆగడం, కొట్టాయన ‘ఏం కావాలి నాన్నా’ అనగానే వస్తువు పేరు చెప్పడం లేదా చూపించడం, డబ్బు చేతికివ్వడం, చిల్లర కోసం నిలబడటం, తీసుకుని బయటికి రావడం. ఐదు మెట్లు. ఒక్కో మెట్టు దగ్గర పిల్లాడికి ఐదు సెకన్లు వదిలేయాలి. చేయకపోతే ముందు బొమ్మ సూచన, అప్పటికీ కాకపోతే మాట సాయం, చివరికి థెరపిస్ట్ పక్కనుంచి చేయించడం. ప్రతిసారీ ఏ మెట్టు సొంతంగా చేశాడు, ఏది ఏ సాయంతో చేశాడు అన్నది ఫైల్లో పడాలి. ఆ ఫైలు లేకపోతే యాప్ ఎంత అందంగా ఉన్నా థెరపిస్టులు వాడరు, వాళ్లు తల్లిదండ్రులకు చూపించేది ఆ అంకెలే.

కొట్టాయన సంభాషణ రాసేటప్పుడు మన కొట్లలో నిజంగా జరిగేదే రాయాలి. ‘ఆ ప్యాకెట్ అయిపోయింది, ఇంకోటి ఇవ్వనా?’ అంటారు. ‘రూపాయి చిల్లర లేదు, చాక్లెట్ తీసుకో’ అంటారు. పక్కనుంచి ఒకాయన వరస తప్పించి ముందు దూరతాడు. ఒకే వరుస మాటలు కంఠతా పట్టిన పిల్లాడు చిల్లర బదులు చాక్లెట్ వచ్చేసరికి అక్కడే బిగుసుకుపోతాడు. అందుకే మొదటి దశలో అన్నీ అనుకున్నట్టే జరగాలి. వరసగా మూడు సెషన్లలో ఐదింట నాలుగు మెట్లు సొంతంగా చేశాక ఈ మార్పులు ఒక్కొక్కటిగా వదలాలి. గొంతులు ఇంట్లో మాట్లాడే తెలుగులో రికార్డు చేయాలి. థెరపీ అంతా ఇంగ్లిష్‌లో నేర్చుకుని, ఇంటి పక్క కొట్లో మాట అర్థంకాక నిలబడిపోయే పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. కాకినాడ మాట వరంగల్ పిల్లాడికి పెట్టకూడదు కూడా.

సాంకేతికంగా తప్పులు ఎక్కడ జరుగుతాయో ముందే తెలిస్తే మంచిది. మాటను విని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ను, అంటే స్పీచ్ రికగ్నిషన్‌ను నమ్ముకోవద్దు. ఆటిజం పిల్లల తెలుగు ఉచ్చారణను అది తరచూ తప్పుగా పట్టుకుంటుంది, సరిగ్గా చెప్పిన పిల్లాడికి ‘మళ్లీ చెప్పు’ అని వస్తే ఆ రోజు సెషన్ అక్కడితో అయిపోయినట్టే. థెరపిస్ట్ చేతిలో ట్యాబ్ ఉండాలి. అందులో పిల్లాడు చూస్తున్నదే కనబడాలి, కొట్టాయన తర్వాతి మాట ఆమె బటన్ నొక్కి పలికించాలి. అమెరికాలో విజయ్ రవీంద్రన్ స్థాపించిన ఆటిజం వీఆర్ సంస్థ ఫ్లోరియో కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది: పిల్లాడికి హెడ్‌సెట్, పెద్దవాళ్ల చేతిలో ట్యాబ్. శబ్దానికి, జనం సంఖ్యకు సున్నా నుంచి పెంచుకునే స్లైడర్లు పెట్టాలి. హెడ్‌సెట్ వెర్షన్‌లో తెర మీద మారే బొమ్మలు, అంటే ఫ్రేములు, సెకనుకు 72కు తగ్గకూడదు. అంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 14 మిల్లీసెకన్లే ఉంటాయి, కొట్లో సరుకులన్నీ విడివిడి మోడళ్లుగా పెడితే అది దాటిపోతుంది. పిల్లాడు కదలకుండా దృశ్యాన్ని కదిలిస్తే కడుపులో తిప్పుతుంది కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టి, ఒకేచోట ఉంచి నడపాలి. ఒక్కో విడత ఐదు నుంచి పది నిమిషాలు చాలు. ఆపే ముందు టైమర్ బొమ్మ చూపించాలి, చెప్పకుండా తీసేస్తే గొడవ అవుతుంది.

మూర్ఛ ఉన్న పిల్లలు ఆటిజంలో మామూలు కంటే ఎక్కువ. న్యూరాలజిస్ట్ సరే అనకుండా అలాంటి పిల్లలకు హెడ్‌సెట్ పెట్టకూడదు. ఇందులో బేరం లేదు.

ఇంకోటి. చాలా విద్యార్థి ప్రాజెక్టులు ‘కళ్లలోకి ఎంతసేపు చూశాడు’ అన్నదానికి మార్కులు వేస్తాయి. దయచేసి అది వద్దు. కళ్లలోకి చూడటం తమకు బాధగా ఉంటుందని ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఎందరో చెప్పారు. మాట్లాడే మనిషి వైపు తిరిగాడా, తనకు కావలసింది అడగగలిగాడా, వద్దని చెప్పగలిగాడా అన్నవి కొలవండి. మాటలు రాని పిల్లాడు బొమ్మకార్డు చూపించినా పూర్తి మార్కులే ఇవ్వాలి.

చివరికి ప్రాజెక్టు నిలబడేది అసలు కొట్లోనే. మొదలుపెట్టక ముందు పిల్లాడు నిజమైన కొట్లో మూడు వేర్వేరు రోజులు ఎన్ని మెట్లు చేశాడో రాసుకోవాలి. యాప్‌తో సాధన అయ్యాక అదే కొట్లో, ఆ తర్వాత వేరే కొట్లో, వేరే మనిషి దగ్గర మళ్లీ రాయాలి. తెర మీద ఐదుకు ఐదు, కొట్లో ఒకటి వచ్చిందంటే పిల్లాడు యాప్ ఆడటం నేర్చుకున్నాడు, కొనడం కాదు. అలా వచ్చినా రిపోర్టులో దాచకుండా రాయమనండి, ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ పేజీకే విలువిస్తారు. పిల్లలతో చేసే పనికి కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకం, పిల్లాడి ఇష్టం మూడూ కావాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. ముఖాల వీడియోలు తీయకుండానే పై అంకెలన్నీ రాసుకోవచ్చు.

ఇప్పుడు ఉద్యోగాల మాట. ‘ఆటిజం వీఆర్ డెవలపర్’ అన్న పోస్టు మన దగ్గర నెలనెలా ప్రకటనల్లో పడదు. దాన్నే నమ్ముకుని కూర్చోవడం సరికాదు. కానీ యూనిటీ, అందులో కోడ్ రాసే సీ షార్ప్ భాష గట్టిగా వచ్చినవాళ్లకు శిక్షణ సిమ్యులేషన్లు, వైద్య విద్య, గేమ్‌ల కంపెనీల్లో పని ఉంది. అది జీతం. ఆటిజం పని దాని పక్కన పెరగాలి, పరిశోధన వైపు వెళితే అదే ముఖ్యమైన పని అవుతుంది. అందుకే సీఎస్ఈ వదలొద్దన్నదే నా సలహా. పిల్లల గురించి తెలిసినవాళ్లు మనకు కొద్దిమంది ఉన్నారు. వాళ్ల భాష అర్థం చేసుకుని కోడ్ రాయగలిగినవాళ్లే మరీ తక్కువ.

పై చదువుకు రెండు దారులు చూడండి. డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్ష సీడ్ రాసి ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట ఎండిజైన్ (డిజైన్‌లో పీజీ) చేయడం ఒకటి. గేట్ రాసి ఎంటెక్ లేదా ఎంఎస్ పరిశోధన రెండోది. ఐఐటీ మద్రాసులో వీఆర్ కోసం ఎక్స్‌టిక్ కేంద్రం, పునరావాస పరికరాల కోసం ఆర్2డి2 కేంద్రం ఉన్నాయి. ఆటిజానికి వీఆర్ అన్న అంశం మీదే పనిచేసిన ఉత్తమా లాహిరి ఐఐటీ గాంధీనగర్‌లో ప్రొఫెసర్‌గా చేశారు. ఆమె పీహెచ్‌డీ అమెరికాలోని వాండర్‌బిల్ట్‌లో నీలాంజన్ సర్కార్ దగ్గర. విదేశాలకు వెళ్లే ఆలోచన ఉంటే యూనివర్సిటీ ర్యాంకు కంటే ఇలాంటి ల్యాబ్ ఉందా లేదా అన్నది ముందు చూసుకోవాలి.

స్పెషల్ టీచర్‌గా పిల్లలతో నేరుగా పనిచేయాలనే ఉంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న కోర్సే చేయాలి. బీటెక్ తర్వాత అందుబాటులో ఉండేది రెండేళ్ల స్పెషల్ బీఈడీ. ఇంజినీరింగ్ వాళ్లకు మార్కుల కటాఫ్ వేరుగా ఉంటుంది కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చదివాకే ఫీజు కట్టండి. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీలు ఇంటర్ తర్వాత నాలుగేళ్లు, ఆపైన. మళ్లీ మొదటి నుంచి చదవడం మీ అమ్మాయికి అవసరమని నేననుకోను. మూడు నెలల వారాంతపు ‘ఆటిజం థెరపిస్ట్’ సర్టిఫికెట్లకు ఆర్‌సీఐ రిజిస్టర్‌లో చోటు దొరకదు. ప్రవర్తన థెరపీకి సంబంధించిన బీసీబీఏ సర్టిఫికెట్ పేరు చెప్పి చేర్చుకునే చోట్ల కూడా ఒక మాట అడగండి: దాన్నిచ్చే అమెరికా బోర్డు 2023 జనవరి నుంచి భారత్‌లో ఉండేవాళ్ల కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు, మరి మీ సర్టిఫికెట్ ఎవరిస్తారు?

ఈ వేసవి సెలవుల్లో కోడ్ పక్కన పెట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు పిల్లల దగ్గర కూర్చోమనండి. మండల కేంద్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలున్నాయి, ప్రభుత్వాసుపత్రుల్లో ఎదుగుదల సమస్యలున్న పిల్లలను చూసే డీఈఐసీ కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన నీపిడ్ ఉంది. మేధోవైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ అది, ఆటిజం పిల్లలూ అక్కడికి వస్తారు. కాలేజీ హెచ్ఓడీ సంతకంతో ఉత్తరం తీసుకుని స్వయంగా వెళ్లి అడగాలి. మొదటి రెండు వారాలు చూడటమే, చేయి పెట్టకూడదు. మూడో వారం నుంచి స్పెషల్ టీచర్ పక్కన కూర్చుని, ఒకే పిల్లాడికి ఒకే పనిలో ప్రాంప్ట్‌ల (అందించిన సాయాల) లెక్క రాయడం నేర్చుకోవాలి. చివరి వారంలో ఆ టీచర్‌నే అడగమనండి, ఏ నైపుణ్యం మీద యాప్ చేస్తే ఆమె రేపటి నుంచి వాడతారని. కిరాణా కొట్టు నేను చెప్పిన ఉదాహరణే, ఆమె చెప్పింది వేరేదైతే అదే తీసుకోవాలి. జులైలో గైడ్‌కు ఇచ్చే ప్రతిపాదనలో ఆ టీచర్ పేరు సహ మార్గదర్శిగా, ఆమె ఒప్పుకుంటేనే, రాయించండి.