ఎమ్మెస్‌డబ్ల్యూ చేస్తే బాలల సంరక్షణ విభాగంలో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా యాదమరి మండలం. మా అమ్మాయి తిరుపతిలో బీఏ చివరి ఏడాది చదువుతోంది. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి జిల్లా బాలల సంరక్షణ విభాగంలో పనిచేస్తానంటోంది. బీఈడీ చేయమని, లేదంటే గ్రూప్స్‌కు చదవమని నేనంటున్నాను. అసలు అక్కడ పనేమిటి, జీతమెంత, పర్మనెంటేనా?

జవాబు: ముందు జీతం సంగతి తేల్చుకుందాం. ఇలాంటి విషయాల్లో ఇంట్లో వాదన ఆగేది అక్కడే కదా. అందరూ డీసీపీయూ అనే ఈ విభాగం పిల్లల సంరక్షణకు కేంద్రం తెచ్చిన మిషన్ వాత్సల్య పథకం కింద నడుస్తుంది. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. 2022 మార్గదర్శకాల ప్రకారం ఔట్‌రీచ్ వర్కర్‌కు నెలకు 10,592 రూపాయలు. సోషల్ వర్కర్‌కు, కౌన్సెలర్‌కు 18,536. ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు, లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్‌కు 27,804. అంతా కాంట్రాక్టే. నిధుల విడత ఆలస్యమైతే జీతమూ ఆలస్యమవుతుంది. ఇంటి ఈఎంఐ అమ్మాయి జీతం మీదే పెట్టుకోవాలనుకుంటే మాత్రం ఈ దారి ఇప్పుడే వద్దు.

ఆ ఇబ్బంది లేకపోతే మీ అమ్మాయి ఆలోచనను తీసిపారేయకండి. ఈ పనికి చట్టం దన్ను గట్టిగా ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టాన్ని 2021లో సవరించారు. 2022 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణతో డీసీపీయూ, సంరక్షణ అవసరమైన పిల్లల విషయం తేల్చే బాలల సంక్షేమ కమిటీ, పిల్లల హోమ్‌లు అన్నీ కలెక్టర్ పర్యవేక్షణలోకి వచ్చాయి. దత్తత ఉత్తర్వులు కూడా ఇప్పుడు కోర్టు కాదు, కలెక్టరే ఇస్తారు. మరి కలెక్టర్ ప్రతి హోమ్‌కూ, ప్రతి ఇంటికీ వెళ్లలేరు కదా. ఆయన కళ్లూ చెవులూ కింద తిరిగే ఈ సిబ్బందే.

పిల్లలంటే ఇష్టం ఉంటే చాలనుకుని వచ్చేవాళ్లు ఇక్కడ ఎక్కువ కాలం నిలవరు. ఈ పనిలో సగం చూడటం, సగం రాయడం. హోమ్ తనిఖీనే తీసుకోండి. జిల్లా తనిఖీ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా ప్రతి హోమ్‌కూ వెళ్లాలి. బృందంలో ముగ్గురికి తగ్గకూడదు, వాళ్లలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి. 25 మంది పిల్లలున్న డార్మిటరీకి జువెనైల్ జస్టిస్ చట్టం కింది 2016 మోడల్ రూల్స్ చెప్పే కొలత 1,000 చదరపు అడుగులు, అంటే తలకు 40. ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాల గది. ఆ లెక్కన 25 మందికి నాలుగు మరుగుదొడ్లు, మూడు స్నానాల గదులు కావాలి. వరండాలో నిలబడి నాలుగు తలుపులు లెక్కపెట్టి ఫారం నింపేస్తే అది తనిఖీ కాదు. గొళ్లెం తీసి చూస్తే నాలుగో దాంట్లో బియ్యం బస్తాలు, చీపుర్లు ఉండొచ్చు. మూడో దాంట్లో కుళాయి తిప్పితే నీళ్లు రాకపోవచ్చు. హాజరు పట్టీలో 25 మంది ఉండి, కడిగి బోర్లించిన కంచాలు 18 ఉంటే మిగతా ఏడుగురు ఎక్కడ అని అడగాలి. బడికి వెళ్లారంటే బడి హాజరు పట్టీ తెప్పించాలి. రిజిస్ట్రేషన్ లేకుండా హోమ్ నడిపితే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. అందుకే రిపోర్టులో ప్రతి అంకెకూ విలువుంటుంది.

రెండో ముఖ్యమైన పని సామాజిక విచారణ నివేదిక. సంరక్షణ అవసరమైన పిల్లలకు సంబంధించింది ఫారం 22. పిల్లవాడు దొరికిన 24 గంటల్లో, ప్రయాణ సమయం కాకుండా, బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి. విచారణ 15 రోజుల్లో ముగించాలి. కొత్తగా చేరినవాళ్లు ఇందులోనే ఎక్కువగా తప్పుతారు. ‘కుటుంబ ఆర్థిక పరిస్థితి బాగాలేదు’ అని ఒక్క ముక్క రాసి పంపిస్తారు. దాన్ని బట్టి కమిటీ ఏం తేల్చగలదు? ‘తల్లి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. జులై దాటితే పని లేదు. మిగతా నెలల్లో వారానికి రెండు రోజులు పొలం పని. అమ్మమ్మకు చూపు తక్కువ. సాయంత్రం బడి వదిలాక తల్లి వచ్చేదాకా పిల్ల దగ్గర ఎవరూ లేరు’ అని రాస్తే పిల్లను హోమ్‌లో పెట్టాలా, ఇంట్లోనే ఉంచి స్పాన్సర్‌షిప్ ఇవ్వాలా అన్నది తేలుతుంది.

స్పాన్సర్‌షిప్ అంటే తల్లిదండ్రుల్లో ఒకరు పోయిన పిల్లలు, తల్లి ఒంటరిగా పెంచుతున్న పిల్లలు వంటివారికి నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. దరఖాస్తును తేల్చేది కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ. ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు, తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం లేకపోవడం... ఇలాంటివే దరఖాస్తును ఆపేస్తాయి. వాటిని సచివాలయం చుట్టూ తిరిగి సరిచేయించే ఓపిక మీ అమ్మాయికి ఉందా? ఆమెను నేనడిగే మొదటి ప్రశ్న అదే.

చదువు విషయానికొస్తే, తిరుపతిలోనే ఎస్వీ యూనివర్సిటీలోనూ, పద్మావతి మహిళా యూనివర్సిటీలోనూ సోషల్ వర్క్ ఉంది. ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. ర్యాంకు కంటే ఫీల్డ్‌వర్క్ ఎక్కడ చేస్తారన్నది ముఖ్యం. సులభంగా సంతకం పెట్టే చోటు వెతుక్కునేవాళ్లు రెండేళ్లు పోగొట్టుకుంటారు. బాలల సంక్షేమ కమిటీ సిటింగులు, రైల్వే స్టేషన్‌లో పిల్లల సహాయ కేంద్రం, ప్రభుత్వ హోమ్ లాంటివి అడిగి తీసుకోవాలి. తిరుపతి స్టేషన్‌లో ఒంటరిగా దిగే పిల్లలందరూ తెలుగువాళ్లే ఉండరు. మీ మండలం సరిహద్దులోనే ఉంది కాబట్టి అమ్మాయికి తమిళం వస్తుంటే దరఖాస్తులో తప్పక రాయమనండి. టైపింగ్, ఎక్సెల్ రాకపోతే మాత్రం కష్టం.

పోస్టుల నోటిఫికేషన్లు జిల్లా వెబ్‌సైట్‌లో వస్తాయి. గడువు తక్కువ ఉంటుంది. వయసు, స్థానికత, అనుభవం పోస్టును బట్టి మారతాయి. డిగ్రీ చేతికొచ్చినా కనీస వయసు రాక ఆగిపోయేవాళ్లున్నారు, ముందే చూసుకోండి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న వేరుపడింది. తిరుపతిలో చదివినంత మాత్రాన మీ అమ్మాయి అక్కడ స్థానికురాలు కాదు, చిత్తూరు నోటిఫికేషన్లు విడిగా చూసుకోవాలి. అనుభవ ధ్రువీకరణ పత్రంలో చేరిన తేదీ, మానిన తేదీ, హోదా, జీతం స్పష్టంగా లేకపోతే మార్కులు పోతాయి. రెండు లక్షలిస్తే పోస్టు ఇప్పిస్తామనేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. 18,536 జీతమొచ్చే కాంట్రాక్టు పోస్టుకు రెండు లక్షలిస్తే దాదాపు పదకొండు నెలల జీతం వాళ్ల చేతుల్లో పోసినట్టే, అది కూడా పోస్టు వస్తే.

మిగతా దారులూ ఉన్నాయి. పోక్సో కేసుల్లో బాధిత పిల్లల వెంట ఉండే సపోర్ట్ పర్సన్ పనికి ఎమ్మెస్‌డబ్ల్యూ సరిపోతుంది. సోషల్ వర్క్‌లో నెట్ రాస్తే బోధన వైపు వెళ్లొచ్చు. ఏడేళ్ల అనుభవం, వయసు వచ్చాక బాలల సంక్షేమ కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అది మేజిస్ట్రేట్‌కున్న అధికారాలతో బెంచిగా పనిచేసే కమిటీ, ఉద్యోగం కాదు. మీరన్న గ్రూప్స్‌ను వదలనక్కర్లేదు, ఎమ్మెస్‌డబ్ల్యూ రెండో ఏడాది నుంచి పక్కన చదువుకోవచ్చు. బీఈడీ మాత్రం మీ మాట కోసం చేయించకండి. బోధన ఇష్టం లేనివాళ్లకు ఆ రెండేళ్లు వృథా.

ఒక హెచ్చరిక. హోమ్‌లోని పిల్లలతో సెల్ఫీ దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టడం సరదా కాదు. పిల్లల గుర్తింపు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఫీల్డ్‌వర్క్ మొదటి రోజు నుంచే ఇది వర్తిస్తుంది.

నిర్ణయానికి ముందు ఒక పని చేయించండి. మీ పంచాయతీలో పిల్లల సంరక్షణ కమిటీ ఉందో లేదో ఆమెనే వెళ్లి కనుక్కోమనండి. ఉంటే మినిట్స్ పుస్తకం చూపించమని అడగమనండి. చివరి సమావేశం ఎప్పుడు, ఎవరెవరు సంతకం పెట్టారు, బడి మానేసిన పిల్లల పేర్లు వచ్చాయా, వస్తే తర్వాత ఏం చేశారు? ఎవరి పేరూ రాయకుండా ఒక పేజీలో రాసి మీకు చూపించమనండి. సర్పంచ్ దగ్గర, సచివాలయంలో రెండు మూడుసార్లు తిరగాల్సి వస్తుంది. మూడోసారి కూడా తనంతట తానే బయలుదేరితే పీజీసెట్ ఫీజు కట్టేయండి.