మాధవికి, పైన్ అడవి పెంచే ముందు

చిరంజీవి మాధవికి మామయ్య ఆశీస్సులు.

అమెరికాలో, దక్షిణ జార్జియాలోని ఆల్బనీ దగ్గర నలభై ఎకరాలు కొన్నావని, అందులో లాంగ్‌లీఫ్ పైన్ అడవిని మళ్లీ నిలబెట్టాలని ఉందని రాశావు. చాలా సంతోషం. అయితే నీ ఉత్తరంలో మొక్కల ధర, వరుసల ఎడం, ఎరువుల గురించి పేజీన్నర ఉంది, నిప్పు మాట మాత్రం ఒక్కటీ లేదు. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

మన వైపు పెరిగినవాళ్లకు అడవిలో మంట అంటే వెంటనే ఆర్పవలసిన ఆపద. నల్లమలలోనైనా శేషాచలంలోనైనా ఎండాకాలం వస్తే అదే భయం, అక్కడ అది సరైన భయమే. ఈ అడవి సంగతి వేరు. వర్జీనియా నుంచి టెక్సాస్ దాకా సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఈ చెట్టు నిలిచిందంటే, పిడుగుల వల్ల పుట్టిన మంటలూ ఆదివాసులు పెట్టిన మంటలూ కొన్నేళ్లకొకసారి నేలను శుభ్రం చేస్తూ ఉండటమే కారణం. కలప కోసం, టర్పెంటైన్ కోసం దాన్ని నరికారు. తరువాత మంటను మాన్పించారు, త్వరగా ఎదుగుతుందని లోబ్లోలీ అనే మరో రకం పైన్ వేశారు. చివరికి మిగిలింది నూటికి మూడు నాలుగు వంతులు.

నాటిన మొక్క రెండు మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, గడ్డిదుబ్బులాగే కూర్చుంటుంది. కంగారుపడి ఎరువు వేయకు. ఆ కాలమంతా అది తల్లివేరును కిందికి దించుకుంటుంది. మంట వస్తే పొడవాటి సూదులు, అంటే సూదిలాంటి ఆకులు, కాలిపోయి, నడుమ మొగ్గ బతుకుతుంది. సూదులకు గోధుమ మచ్చ తెగులు తగిలితే దాన్ని వదిలించేదీ ఆ మంటే. ఒక్కసారిగా ఎదుగుదల మొదలై మొగ్గ మంట ఎత్తులో ఉన్న ఆ కొద్దికాలం మాత్రం జాగ్రత్తగా ఉండు. తరువాత రెండు మూడేళ్లకొకసారి కాల్చాలి.

నాకు చెట్టు కన్నా కింది గడ్డి మీదే మమకారం ఎక్కువ. మంచి అడవిలో ఒక్క చదరపు మీటరులోనే నలభై రకాల మొక్కలు దొరుకుతాయి. వాటి మధ్య ఉండే వైర్‌గ్రాస్ అనే గడ్డి వేసవి ఆరంభంలో కాలితేనే బాగా పూసి గింజ పెడుతుంది. ఒకసారి దున్నితే మాత్రం తనంతట తాను తిరిగి రావడం కష్టం. నీ నేలలో ఎన్నడూ నాగలి తగలని మూల ఉంటే దాన్ని ట్రాక్టరు తొక్కనీయకు. పాత పచ్చిక బయలు అయితే అక్కడి బాహియా, బెర్ముడా గడ్డిని ముందే చంపి ఆ తరువాత నాటు. రాలిన సూదులను ఊడ్చి అమ్మితే డబ్బు వస్తుందని మీ ఆయన లెక్కలు వేస్తాడు, నాకు తెలుసు. వద్దని చెప్పు. మంట నడిచేది ఆ సూదుల మీదే.

ఏళ్ల తరబడి కాలని ముసలి చెట్లు ఉంటే అసలు ప్రమాదం అక్కడే. మొదళ్ల చుట్టూ కుళ్లిన సూదుల పొర మందంగా పేరుకుని, దానిలోకే చిన్న వేళ్లు పాకి ఉంటాయి. పొర ఎండిన రోజున కాలిస్తే మంట పోయినా లోపల గంటల తరబడి రాజుకుంటూ వేళ్లను ఉడికించేస్తుంది. చెట్టు ఆ రోజు బాగానే కనిపించి, ఏడాదికో రెండేళ్లకో చస్తుంది. వాన పడి పొర తడిగా ఉన్నప్పుడు, చలికాలంలో, పైపైన కాల్చు. పొరను ఒక్కసారే వదిలించాలనుకోకు.

ఒంటరిగా అగ్గిపుల్ల గీయకు. జార్జియా ఫారెస్ట్రీ కమిషన్ నుంచి ఆ రోజుకు అనుమతి తీసుకో, అడవిని అదుపులో కాల్చడంలో శిక్షణ ఉన్నవారిని పెట్టుకో, పొగ ఏ రోడ్డు మీదికి వెళ్తుందో చూసి పక్క పొలాలవారికి చెప్పు. మొదట గాలి వెళ్లే వైపు అంచున నిప్పు పెట్టి గాలికి ఎదురుగా నడిపించాలి. వీలైతే న్యూటన్ ఊరి దగ్గరున్న ఇచావే అనే లాంగ్‌లీఫ్ అడవిని ఒకసారి చూసి రా.

వడ్రంగిపిట్టల గురించి అడిగావు. ఎర్ర టోపీ పిట్ట (రెడ్-కాకేడెడ్ వడ్రంగిపిట్ట) బతికున్న పైన్‌లోనే గూడు తొలుస్తుంది, అదీ లోపల చేవ మెత్తబడిన ఎనభై తొంభై ఏళ్ల చెట్టులో. నీ మనవలు చూస్తారేమో. గోఫర్ తాబేళ్లు దగ్గర్లో ఉంటే అవి ముందు రావచ్చు. వాటి బొరియల్లో వందల రకాల జీవులు తలదాచుకుంటాయి. చెట్లను పలచన చేసేటప్పుడు వంకర చెట్టయినా సరే, ముసలిదైతే ఉంచు.

కుండీల్లో పెంచిన మొక్కలే కొను. నవంబరు, జనవరి మధ్య నాటించు, మొగ్గ మట్టిలో పూడకుండా దగ్గరుండి చూసుకో. వేసవిలోనే నర్సరీకి చెప్పి పెట్టు, చలికాలం దాకా ఆగితే మొక్కలు మిగలవు.

మీ మామయ్య