మోరిస్ మైనర్ మాస్టర్ సిలిండర్: ఆయిల్ పోయడానికి ప్రతిసారీ తివాచీ ఎత్తనక్కర లేకుండా

బ్రేకు ఆయిల్ పోసినా పెడల్ మళ్లీ మెత్తబడుతోందని అడిగారు. మోరిస్ మైనర్ అనే ఈ పాత బ్రిటిష్ కారులో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే భాగం) డ్రైవరు కాళ్ల కింద ఛాసిస్‌లో, అంటే బండి అడుగు చట్రంలో, ఉంటుంది కాబట్టి, మూత తీసినప్పుడల్లా తివాచీ కింది ఇసుక లోపల పడి రబ్బరు సీళ్లను గీరుతూ ఉండవచ్చు.

1. సిలిండర్ విప్పి సీళ్లు మార్చండి. దాని బోల్టులు బయటికి రాకుండా టార్షన్ బార్ (ముందు చక్రాలకు స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీ) అడ్డుపడుతుంది. అది బిగువులో ఉంటుంది కనుక, సడలించే పనిని తెలిసిన మెకానిక్‌కే అప్పగించండి.

2. చాలామంది మరిచేది ఇదే: తిరిగి బిగించేటప్పుడు బోల్టులను తిప్పి, తల ఖాళీ వైపుకూ నట్టు టార్షన్ బార్ వైపుకూ వచ్చేలా పెట్టండి. అప్పుడు మరోసారి ఆ బార్‌ను కదపనక్కర లేదు. కళింగపట్నం ఉప్పుగాలికి మరలు త్వరగా తుప్పు పడతాయి, గ్రీజు తప్పక రాయండి.

3. బానెట్ కింద, ఇంజను వెనుక గోడకు వేరే ఆయిల్ డబ్బా బిగించి, పాత మూత స్థానంలో అడాప్టర్ పెట్టి గొట్టంతో కలపండి. గాలి నిలవకుండా గొట్టం పొడవునా పైకే వాలుగా ఉండాలి. పెట్రోలు గొట్టం వద్దు, బ్రేకు ఆయిల్‌కు అది ఉబ్బిపోతుంది.

4. నాలుగు చక్రాల వద్దా బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలిని తీసి, పెడల్ గట్టిపడ్డాకే బండిని రోడ్డెక్కించండి.