కాలయాన కథల్లో కంటిన్యుటీ తప్పుకూ లొసుగుకూ తేడా ఏమిటి?

కాలయంత్రం మీద నడిచే సీరియల్ ఎపిసోడ్‌లో కంటిన్యుటీ తప్పుకూ కథలోని లొసుగుకూ తేడా ఏమిటని మీరు అడిగారు. మొదటిది చిత్రీకరణలో పుడుతుంది. వరుస షాట్లను వేర్వేరు రోజుల్లో తీస్తారు కనుక, మా కోనసీమలో మార్చిలో నిండు కాలువ పక్కన మొదలుపెట్టిన సన్నివేశాన్ని కాలువలు కట్టేసిన మే నెలలో పూర్తిచేస్తే, రేవు మెట్టు దిగి నీళ్లలో మోపిన నాయకుడి పాదం మరుక్షణంలో నెర్రెలిచ్చిన మట్టి మీద కనిపిస్తుంది. కథకు దానివల్ల పెద్ద నష్టం లేదు.

లొసుగు కథ మూలాన్నే దెబ్బతీస్తుంది. 1986 ఆగస్టు గోదావరి వరదలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న నాయకుడి చేతిలో ఏ రోజుకైనా వెళ్లగల యంత్రం ఉందనుకుందాం. ముందురోజుకు వెళ్లి తమ్ముణ్ణి ఎందుకు మెరకకు చేర్చలేదో కథ చెప్పకపోతే, అతని దుఃఖాన్ని మనం నమ్మలేము. యంత్రం ఏ ఏడాదిలోకైనా ఒక్కసారి మాత్రమే వెళ్లగలదన్న నియమాన్ని ముందే పెట్టి ఉంటే సరిపోయేది.

రెండింటి నడుమ నిలిచే ప్రసిద్ధ ఉదాహరణ, అంతరిక్ష నౌక సిబ్బంది కథలు చెప్పే అమెరికన్ సీరియల్ 'స్టార్ ట్రెక్'లో ఉంది. దాని ఆధారంగా వచ్చిన 1982 నాటి సినిమాలో ప్రతినాయకుడు ఖాన్, నౌక సిబ్బందిలో ఒకడైన చెకోవ్‌ను చూడగానే గుర్తుపడతాడు. అయితే ఖాన్ తొలిసారి కనిపించిన 1967 నాటి 'స్పేస్ సీడ్' ఎపిసోడ్‌లో, రెండో సీజన్‌లో గానీ ప్రవేశించని చెకోవ్ పాత్రే లేదు. అప్పుడు చెకోవ్ నౌకలో మరోచోట పనిలో ఉన్నాడని అనుకోవచ్చు కనుక, దీన్ని నేను లొసుగుగా లెక్కించను.