పాఠకుల సందేహాలు: కళ్లజోడులో కనిపించే కిడ్నీ

ప్రశ్న: మా అమ్మగారికి 62 ఏళ్లు. కుడి కిడ్నీలో పెద్ద రాయి ఉందని, వీపు వైపు నుంచి రంధ్రం చేసి తీయాలని డాక్టరుగారు చెప్పారు. ఆ ఆసుపత్రి కరపత్రంలో వర్చువల్ రియాలిటీ, ఆగ్మెంటెడ్ రియాలిటీ అనే మాటలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. ఈ రెండింటికీ తేడా ఏమిటి? వీటివల్ల అమ్మకు నిజంగా మేలు ఉంటుందా, లేక ఇదంతా ప్రచారమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అమ్మగారికి చెప్పిన ఆపరేషన్‌ను పీసీఎన్‌ఎల్ అంటారు. స్వీడన్ వైద్యులు 1976లో దీన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. ఇందులో రాయిని పగలగొట్టడం ఒక ఎత్తు, రాయి దాకా దారి వేయడం మరో ఎత్తు. సాధారణంగా రోగిని బోర్లా పడుకోబెట్టి, మూత్రనాళంలోకి కింది నుంచి పంపిన సన్నటి గొట్టం ద్వారా ఎక్స్‌రేలో కనిపించే కాంట్రాస్ట్ మందు ఎక్కించి, సీ-ఆర్మ్ ఎక్స్‌రే తెరపై కిడ్నీ లోపలి గదుల ఆకారాన్ని చూస్తూ, ఆ గదుల్లో ఒకదాని కొసలోకి సరిగ్గా సూది దించాలి. కొస దగ్గర పెద్ద రక్తనాళాలు ఉండవు. గది మెడ దగ్గర ఉంటాయి. తెర మీది బొమ్మకు లోతు తెలియదు కాబట్టి సీ-ఆర్మ్‌ను అటూ ఇటూ వంచి చూస్తూ లోతును మనసులోనే కట్టుకోవాలి. నేను నేర్చుకునే రోజుల్లో మా ప్రొఫెసరుగారు నా చేతి మీద చేయి వేసి సూదిని నడిపించేవారు. అవతల ఉన్నది నిజమైన రోగి అన్న భయంతో నా వేళ్లు బిగుసుకుపోయేవి.

వర్చువల్ రియాలిటీ అంటే కంప్యూటర్ సృష్టించిన కృత్రిమ దృశ్యం. అది పనికొచ్చేది ఈ నేర్చుకునే దశలోనే. పెర్క్ మెంటర్ అనే సిమ్యులేటర్‌లో నడుము భాగాన్ని పోలిన బొమ్మ ఉంటుంది, చేతిలో నిజమైన సూదే ఉంటుంది, ఎక్స్‌రే మాత్రం కంప్యూటర్ సృష్టించినది. కాలితో పెడల్ నొక్కినప్పుడల్లా తెరపై బొమ్మ పడుతుంది గానీ రేడియేషన్ ఉండదు. సూది పక్కటెముకకు తగిలిందా, రక్తనాళాన్ని చీల్చిందా, ఎక్స్‌రే ఎంతసేపు వాడారు అన్నవన్నీ యంత్రం లెక్కగట్టి చెబుతుంది. ఎన్ని తప్పులు చేసినా అక్కడ ఎవరికీ రక్తం కారదు. ఇలాంటి సాధన వల్ల ఫలితం ఉంటుందా అని యూరెటెరోస్కోపీ (మూత్రమార్గం గుండా సన్నటి గొట్టం పంపి రాయిని తీసే ఆపరేషన్) విషయంలో పరీక్షించి చూశారు. 2022లో వెలువడిన ఆ అధ్యయనంలో 65 మంది శిక్షణార్థులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు సిమ్యులేటర్లపై అదనంగా శిక్షణ ఇచ్చారు. పూర్తి నైపుణ్యానికి చేరినవారి సంఖ్యలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు గానీ, సాధన చేసిన జట్టు చేతుల్లో మూత్రనాళానికి గాయాలు తక్కువయ్యాయి. రోగి వైపు నుంచి చూసేవారికి ఈ రెండో మాటే ముఖ్యమని నా అభిప్రాయం.

ఇక ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటే, ఆపరేషన్ జరుగుతుండగానే స్కాన్ నుంచి తయారుచేసిన బొమ్మను ప్రత్యేకమైన కళ్లజోడులో గానీ తెర మీద గానీ రోగి శరీరం మీద పరిచినట్టు చూపించడం. జర్మనీ వైద్యులు 2012లో వీపుపై రంగు గుర్తులు అంటించి స్కాన్ తీసి, ఐప్యాడ్ కెమెరాను వీపుకు ఎదురుగా పట్టి, తెర మీద చర్మం కింద కిడ్నీ, రాయి కనిపించేలా చేసి సూది దించారు. ఇటలీలోని ట్యూరిన్‌లో రోబో సాయంతో ఆపరేషన్ చేసే సర్జన్లు ప్రోస్టేట్, కిడ్నీ గడ్డల ఆపరేషన్లలో త్రీడీ నమూనాను తమ తెరలోనే కలిపి చూస్తున్నారు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. కిడ్నీ ఉన్నచోట ఉండే అవయవం కాదు. ఊపిరి తీసినప్పుడల్లా కిందికి జరిగి మళ్లీ పైకి వస్తుంది. స్కాన్ మామూలుగా వెల్లకిలా పడుకోబెట్టి తీస్తారు, ఆపరేషన్ బోర్లా పడుకోబెట్టి చేస్తారు. జర్మనీలో స్కాన్ కూడా బోర్లా పడుకోబెట్టే తీయవలసి వచ్చింది అందుకే. కళ్లజోడులోనో తెర మీదో కనిపించే కిడ్నీ స్కాన్ నాటి కిడ్నీ. అసలు కిడ్నీ దానికి కాస్త పక్కన ఉండవచ్చు. అందువల్ల చాలాచోట్ల ఇప్పటికీ సూదికి దారి చూపేవి సీ-ఆర్మ్, అల్ట్రాసౌండ్‌లే.

మీరు మీ డాక్టరుగారిని కరపత్రం గురించి అడగనక్కర్లేదు. ఇప్పటిదాకా ఎన్ని పీసీఎన్‌ఎల్‌లు చేశారు, రక్తం ఎక్కించవలసిన అవసరం ఎందరికి వచ్చింది, సూదిని ఆయనే వేస్తారా లేక శిక్షణలో ఉన్నవారు వేస్తారా అని అడగండి. ఇలా అడిగితే మంచి సర్జన్ ఎవరూ నొచ్చుకోరు.

ప్రశ్న: నేను ఎంసీహెచ్ యూరాలజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీలో సిమ్యులేటర్ లేదు, ఇప్పట్లో కొనే సూచనా లేదు. సాధన ఎలా చేయాలి?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మన దేశంలోని యూరాలజిస్టులే దీనికి ఒక దారి చూపారు: సొరకాయ. మా ఉత్తరాంధ్ర వైపు ఆనపకాయ అంటాం. కాంట్రాస్ట్ మందులో తడిపిన చిన్న ముక్కను కాయ లోపలికి దూర్చి, సీ-ఆర్మ్ కింద పెట్టి సూదితో దాన్ని అందుకోవాలి. సీ-ఆర్మ్ ఖాళీగా ఉండే వేళ చూసుకుని, మీ ప్రొఫెసరుగారి అనుమతితో మొదలుపెట్టండి. కాయే కదా అని రేడియేషన్‌ను అడ్డుకునే లెడ్ ఏప్రాన్ వేసుకోవడం మాత్రం మానకండి. రక్తం, ఊపిరి కదలిక ఇందులో దొరకవు, కానీ తెర మీద చదునుగా కనిపించే బొమ్మ నుంచి లోతును ఊహించి సూదిని వంచడం చేతికి అలవాటవుతుంది. గుచ్చాక కాయను నిలువునా కోసి, సూది ఎక్కడ దాకా పోయిందో చూసుకోండి. ఎంత ఖరీదైన సిమ్యులేటర్ తెరలోనైనా ఇలా కోసి చూసుకునే వీలు లేదు.