మంచు తొయ్యడానికి పాత ఏటీవీ కొనేముందు

"అన్నయ్యా, రెండెకరాల స్థలంలో ఇల్లు కొన్నాం. రోడ్డు నుంచి ఇంటిదాకా ఉన్న డ్రైవ్‌వే 300 అడుగులు. మంచు పడితే పారతో తీయడం మా వల్ల కాదు. సెకండ్ హ్యాండ్‌లో ఏటీవీ (బైక్‌లా హ్యాండిల్ ఉండే నాలుగు చక్రాల బండి) ఒకటి చూశాను, కొనమంటారా?" అని ఒక తమ్ముడు అడిగాడు. ఇదే సందేహం చాలామందికి ఉంటుంది కాబట్టి వివరంగానే చెప్తాను.

డ్రైవ్‌వే రెండు కార్లు పట్టేంత చిన్నదైతే ఏటీవీ జోలికి పోకండి, మంచును పక్కకు చిమ్మే మంచి స్నో బ్లోయర్ యంత్రం చాలు. 300 అడుగులంటే, దానికి తోడు కట్టెలూ కొమ్మలూ మట్టీ మోసే పని కూడా ఉందంటే మాత్రం ముందువైపు మంచు నెట్టే బ్లేడు బిగించిన ఏటీవీ అక్కరకొస్తుంది.

నేను మొదటి బండి చూడ్డానికి వెళ్లేసరికి ఇంజిన్ ఆన్ చేసే ఉంది, మెత్తగా తిరుగుతోంది. సంబరపడిపోయి డబ్బిచ్చి తెచ్చుకున్నాను. గట్టిగా మంచు పడిన మొదటి రోజు తెల్లవారుజామున మా ఆవిడ డ్యూటీకి వెళ్లాలి, బయట మైనస్ 15 డిగ్రీలు. బండి స్టార్ట్ అయితే ఒట్టు. పాత పెట్రోలు కార్బ్యురేటర్‌లో జిగురులా పట్టేసిందని తర్వాత తెలిసింది. ఆ రోజు తను డ్యూటీకి వెళ్లలేకపోయింది. ఆ టెన్షన్ మీకు వద్దు. అందుకే "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని అమ్మేవాళ్లకు ఫోన్‌లోనే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ పక్కన జాగ్రత్తగా చెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా ఉందా, ఇంకో రోజు వస్తామని చెప్పి వెనక్కి వచ్చేయండి. చలి దేశంలో చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందన్నదే అసలు పరీక్ష. కార్బ్యురేటర్‌కు బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి దొరికితే అదే తీసుకోండి.

సీసీ ఎక్కువుంటేనే మంచు కదులుతుందని అనుకోవద్దు. ఇంటి పనికి 400, 500 సీసీ సరిపోతాయి. ఉండి తీరాల్సినవి ఫోర్ వీల్ డ్రైవ్, లో గేర్. చాలా ఏటీవీల్లో ఇంజిన్ శక్తి రబ్బరు బెల్టు మీదుగా చక్రాలకు వెళ్తుంది. హై గేర్‌లో బరువైన మంచును నెట్టితే ఆ బెల్టు జారి, వేడెక్కి, కాలిపోతుంది. లో గేర్‌లో కాసేపు ఎత్తు ఎక్కించి చూడండి, కాలిన రబ్బరు వాసన వస్తే బేరం ఆపేయండి. హోండా రాంచర్, ఫోర్‌మన్ లాంటివాటిలో బెల్టు ఉండదు, గేర్లే ఉంటాయి. మంచు పనికి నాకు అవే నచ్చుతాయి. మంచు తీసేటప్పుడు సగం సమయం రివర్స్‌లోనే గడుస్తుంది. కొన్ని బళ్లలో రివర్స్‌లో ముందు చక్రాలు తిరగాలంటే వేరే బటన్ నొక్కి పట్టుకోవాలి. అది కూడా నడిపి చూసుకోండి.

తర్వాత టార్చి పట్టుకుని నేల మీద పడుకోండి, మొహమాటం వద్దు. బ్లేడు బిగించే చోట ఫ్రేమ్ వంగిందా, మళ్లీ వెల్డింగ్ చేసిన గుర్తులున్నాయా చూడండి. ఇరుసు చివర్ల రబ్బరు తొడుగులు (బూట్లు) చిరిగి గ్రీజు బయటికొచ్చిందంటే ఖర్చు పొంచి ఉన్నట్టే. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయాయని అర్థం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి చూడండి, లోపల బురద చార కనిపిస్తే ఆ బండి వాగుల్లో మునిగి లేచిందే. మీటర్‌లో మైళ్లు తక్కువ, ఇంజిన్ నడిచిన గంటలు ఎక్కువ ఉంటే మెల్లగా పని చేసిన బండి అన్నమాట, దానికి కంగారు పడనక్కర్లేదు. ఫ్రేమ్ మీది నంబరూ కాగితాల్లోని నంబరూ ఒకటేనా, దాని మీద అప్పేమైనా మిగిలుందా అన్నది డబ్బిచ్చేముందే తేల్చుకోండి.

బ్లేడు కొలతలో చాలామంది పొరపాటు పడతారు. సుమారు 48 అంగుళాల వెడల్పున్న బండికి 54 అంగుళాల బ్లేడు చాలనిపిస్తుంది. కానీ మంచు పక్కకు పోవాలంటే బ్లేడును 30 డిగ్రీలు తిప్పుతాం. అప్పుడది 47 అంగుళాలే ఊడుస్తుంది, పక్కన మిగిలిపోయిన మంచు మీదికి చక్రం ఎక్కి జారుతుంది. 60 అంగుళాలదైతే తిప్పాక కూడా 52 దాకా వస్తుంది. బ్లేడును ఎత్తే వించికి ఇనుప తాడు ఉంటే సింథటిక్ తాడు వేయించండి. వందలసార్లు ఒకే చోట వంగి వంగి ఇనుప తీగలు తెగి, సూదుల్లా అరచేతిలో గుచ్చుకుంటాయి.

పిల్లలున్నవాళ్లకు ఒక మాట. పెద్దవాళ్ల సైజు ఏటీవీని 16 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వకండి, ఎంత మారాం చేసినా సరే. ఒక సీటు బండి మీద వెనకాల ఎవరినీ ఎక్కించుకోకండి. మీరు కూడా హెల్మెట్ పెట్టుకుని, నడక వేగంలోనే తొయ్యండి. మంచు కింద దాక్కున్న రాయికి బ్లేడు తగిలితే ఆ కుదుపుకు ఛాతీ వచ్చి హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది.

బండి ఇంటికొచ్చాక, నేల గడ్డకట్టకముందే డ్రైవ్‌వే రెండు అంచుల వెంబడీ మంచులో కూడా కనిపించేంత ఎత్తు కర్రలు పాతేయండి. గడ్డకట్టిన నేలలో ఆ తర్వాత కర్ర దిగదు. గులకరాళ్ల డ్రైవ్‌వే అయితే మొదటి ఒకట్రెండు మంచులకు బ్లేడును నేలకు తగలకుండా ఎత్తి ఉంచే స్కిడ్ షూలు దాని కింద అర అంగుళం దించి ఉంచండి, లేకపోతే రాళ్లన్నీ పచ్చికలోకి పోతాయి.